మాట నేర్వని వీరకన్య: గోథమ్ నగరపు రాత్రి గస్తీపై ఒక పరిశీలనము

కొన్ని సంవత్సరముల క్రిందట మా హోసూరు ప్రాంతపు పాఠశాలలో, నా తరగతి బాలిక యొకతె తెలుగు వాచకము మాటున ఒక ఆంగ్ల చిత్రకథను దాచుకొని చూచుచుండగా పట్టుకొంటిని. బెంగుళూరిలో ఉద్యోగము చేయుచున్న అక్క తెచ్చి యిచ్చినదట. అట్టపై నల్లని దుస్తులు ధరించిన ఒక పడుచు. ముఖమంతయు కప్పిన ముసుగు. ఆ ముసుగుపై నోరుండవలసిన చోట కుట్లు. వెనుక చీకటి మేడలు. ఇది పిల్లలు చూడదగినది కాదని తలచి పుస్తకమును నా బల్లపై పెట్టించితిని. బడి విడిచిన పిమ్మట దానికొరకు వచ్చిన ఆ పిల్ల భయపడుచునే ఒక మాట చెప్పినది: "సార్, ఈ పాపకు చదివేది రాదు, మాట్లాడేది కూడా రాదు. అయినా ఎవురేం చేసేకి పోతారో ముందే తెలుసుకుంటుంది." ఆ మాట విన్న పిమ్మట పుస్తకమును వెంటనే తిరిగి యీయ మనసొప్పలేదు. ఒక రాత్రికి ఎరువు అడిగి, ఇంటికి కొనిపోయి చదివితిని. ఆనాటినుండి ఆ కథ నన్ను విడువలేదు. భాషను బోధించి జీవించు వానికి, భాష లేని కథానాయికను గూర్చి ఆలోచింపక తప్పునా?

ముందుగా కథాపాత్రను పరిచయము చేసెదను. అమెరికాలో డి.సి. కామిక్స్ వారు 1939వ సంవత్సరమునుండి ప్రకటించుచున్న బ్యాట్‌మన్ కథలకు రంగస్థలము గోథమ్ అను కల్పిత నగరము. ఆ కథలలో 'బ్యాట్‌గర్ల్' అను బిరుదు ఒక్కరిది కాదు. పలువురు యువతులు ఒకరి తరువాత నొకరు దానిని ధరించిరి. 1967లో ప్రవేశించిన బార్బరా గోర్డన్ వారిలో సుప్రసిద్ధురాలు. ఆమె పగలు గ్రంథాలయాధికారిణి, రాత్రి నగరరక్షకురాలు. నేను ప్రస్తావించుచున్నది ఆమె అనంతరము వచ్చిన కసాండ్రా కెయిన్‌ను. రచయిత కెల్లీ పకెట్, చిత్రకారుడు డామియన్ స్కాట్ ఈమెను 1999లో సృష్టించిరి. 2000 మొదలు 2006 వరకు 73 సంచికలుగా వెలువడిన 'బ్యాట్‌గర్ల్' పత్రికకు ఈమెయే నాయిక.

ఈమె పూర్వవృత్తాంతము దారుణమైనది. తండ్రి డేవిడ్ కెయిన్ కిరాయి హంతకుడు. లోకములో సాటిలేని హంతకురాలిని తయారుచేయవలెనని, కన్నకూతురిని పుట్టినది మొదలు మానవ వాక్కు చెవి సోకకుండ పెంచినాడు. మాటకు మారుగా దెబ్బలను, కథలకు మారుగా కదలికలను నేర్పినాడు. మెదడులో భాషకు చెందవలసిన స్థానమును శరీరచలనము ఆక్రమించినది. ఎదుటివాని భుజము ఇంచుక కదలినచో చేయి ఎటు లేచునో ఆమెకు ముందుగనే తెలియును. ఎనిమిదేండ్ల ప్రాయమున తండ్రి ఆజ్ఞపై ఒక మనుష్యుని చంపినది. చచ్చుచున్నవాని దేహము పలికిన దానిని ఆమె చదివినది. ఆ భయము, ఆ బాధ, ఆ శూన్యము ఇతరులకు పదములుగా తెలియును. ఆమెకు ప్రత్యక్షముగా తెలిసెను. ఆ క్షణముననే తండ్రిని విడిచి పారిపోయినది. పెక్కేండ్లు దిక్కులేక తిరిగి, భూకంపమున శిథిలమై ప్రభుత్వముచే పరిత్యక్తమైన గోథమ్‌నకు చేరి, అచట బార్బరా తండ్రియగు పోలీసు కమిషనరును డేవిడ్ కెయిన్ చేతినుండి కాపాడి, బ్యాట్‌గర్ల్ వేషమునకు అర్హురాలైనది.

ఇప్పుడు ఆ రాత్రి గస్తీని పరిశీలింతము. మన కథాసాహిత్యమున రాజులు మారువేషమున నగరశోధన చేయుట చిరపరిచితమైన ఘట్టము. రాజు చూరుక్రింద నిలిచి లోపలి సంభాషణము వినును. దొంగ చెప్పుకొన్న రహస్యమో, పేదరాలి నిట్టూర్పులో దాగిన ఫిర్యాదో చెవిని బడును. తెల్లవారిన పిదప సభలో తీర్పు చెప్పును. అనగా మన నగరశోధన వినికిడిపై ఆధారపడినది. రాజునకు ముఖ్యమైన ఇంద్రియము చెవి. కసాండ్రా గస్తీ ఇందుకు సరిగా విరుద్ధము. మేడల అంచులపై నిలిచి ఆమె వినదు, చూచును. క్రింద వీథిలో ఇద్దరు మాటలాడుకొనుచున్నచో, ఆ మాటలు ఆమెకు గాలిచప్పుడుతో సమానము. కాని వారిలో ఒకడు జేబులోని చేతిని బిగించిన తీరు, రెండవవాడు మడమపై బరువు మార్చిన తీరు ఆమెకు స్పష్టముగా చదువబడును. కత్తి బయటికి రాకమునుపే ఆమె క్రిందికి దుముకును.

చిత్రకథ అను ప్రక్రియకు ఈ కల్పన ఎంతగా తగినదో గమనింపదగియున్నది. చిత్రకథలో బొమ్మయు మాటయు ప్రక్కప్రక్కన నడచును. సాధారణముగా బొమ్మ మాటకు దాసి. బుడగలోని సంభాషణము చదివి పాఠకుడు పుట త్రిప్పును. ఈ గ్రంథపు తొలి భాగములందు మాటలేని పుటలు పెక్కు కలవు. అచట పాఠకుడు కసాండ్రా వలెనే దేహములను చదివి కథ గ్రహింపవలెను. డామియన్ స్కాట్ గీసిన అవయవములు సహజ ప్రమాణమునకు మించి సాగియుండును. భంగిమలు అతిశయోక్తిగా నుండును. ఇది మొదట నాకు లోపముగా తోచెను. రెండవమారు చదివినప్పుడు దాని ఔచిత్యము బోధపడినది. మనము చూచుచున్నది వీథిని కాదు, ఆమె కంటికి కనబడు వీథిని. ఆమెకు భుజపు కదలికయే వాక్యము. కనుక చిత్రకారుడు దానిని వాక్యమంత పెద్దదిగా గీసినాడు.

మన అలంకారికులు అభినయమును ఆంగికము, వాచికము, ఆహార్యము, సాత్త్వికము అని నాలుగు విధములుగా విభజించిరి. కసాండ్రాయందు వాచికము లేదు. ముఖము కప్పబడినందున సాత్త్వికము మరుగుపడినది. ఆహార్యము ఆ కుట్లు వేసిన ముసుగే. మిగిలినది ఆంగికము ఒక్కటియే. ఆంగికమునకు గల శక్తిని మనము ఎరుగనివారము కాము. తంజావూరు సీమలోని మెలట్టూరు గ్రామమున నృసింహ జయంతికి వేంకటరామశాస్త్రిగారి తెలుగు నాటకములు భాగవతమేళమై నేటికిని ఆడబడుచున్నవి. చూచువారిలో అధికులు తమిళులు. పదము అర్థము కాకున్నను, హిరణ్యకశిపుని ఎదుట ప్రహ్లాదుడు చేతులు జోడించి నిలిచిన నిలుకడ అందరికిని అర్థమగును. దేహమునకు భాషాసరిహద్దులు లేవను ఆనందము అక్కడ కలుగును.

అయితే ఆ నాటకమున దేహముతో పాటు దరువు కూడ కలదు. దరువు లేనిచో ప్రహ్లాదుడు ఎందుకు ఎదిరించుచున్నాడో తెలియదు. ఎదిరించుచున్నాడని మాత్రమే తెలియును. కసాండ్రా కథలోని ప్రధాన విషయము నాకు ఇచటనే కనబడుచున్నది. ఆమె రాబోవు దెబ్బను చదువగలదు. దెబ్బకు వెనుకనున్న ఆకలిని, అప్పును, అవమానమును చదువలేదు. చేతిని ఆపగలదు, "ఎందుకు నాయనా?" అని అడుగలేదు. ఎవరైన తమ గోడు వెళ్ళబోసికొన్నను వినలేదు. నేరములతో నిండిన నగరమును ఒక పడుచుపిల్ల ప్రతి రాత్రి కాపాడుచుండగా, మరునాటి రాత్రి నగరము మరల అట్లే యుండుటకు కారణమేమి? వ్యాపార ప్రయోజనము కొరకు కథ ముగియరాదు గనుక అని యొక సమాధానము కలదు, అది నిజమే. కాని ఈ కథలో అంతకంటె లోతైన సమాధానము కూడ లభించుచున్నది. మాట లేని రక్షణము ఆ క్షణమునకే రక్షణము. నేరమును ఆపుటకు కన్నులు చాలును. నేరమును తగ్గించుటకు సంభాషణము కావలెను.

రచయిత ఈ కొరతను ఎరిగినవాడనుటకు బార్బరా పాత్రయే సాక్ష్యము. 1988లో వెలువడిన ఒక కథలో ఆమె తుపాకి గుండు తగిలి నడుము క్రింది చలనమును కోల్పోయినది. పిమ్మట చక్రముల కుర్చీలో కూర్చుండియే, 'ఒరాకిల్' అను పేరుతో, కంప్యూటరుల సాయమున సమాచారము సేకరించి ఇతర వీరులకు దారి చూపుచుండును. కసాండ్రాను చేరదీసినది ఆమెయే. ఒకతెకు సమస్త గ్రంథములు తెలియును, కాలు కదలదు; వేరొకతెకు సమస్త చలనములు తెలియును, మాట పెగలదు. సాంఖ్యులు చెప్పు పంగ్వంధన్యాయము ఇచట క్రొత్త రూపమున దర్శనమిచ్చుచున్నది. చూపు గల కుంటివాడు నడక గల గ్రుడ్డివాని భుజముపై కూర్చుండి ఇరువురును అడవి దాటినట్లు, వీరిరువురును కలిసి ఒక్క రాత్రిని దాటుదురు. గ్రంథాలయాధికారిణి అక్షరము రాని పిల్లకు చదువు నేర్ప ప్రయత్నించు ఘట్టములే నా దృష్టిలో ఈ కథలో అత్యుత్తమములు. పిల్ల విసిగికొనును; అక్షరములు నిలువవు; పదిమందిని పడగొట్టగల చేతికి ఒక పదము లొంగదు. ఉపాధ్యాయులెవ్వరును ఈ పుటలను నవ్వుచు త్రిప్పజాలరు.

ఇంత చక్కని పునాది వేసిన రచయిత, కథ ఇంకను తొలి సంచికలలో ఉండగనే ఒక తప్పటడుగు వేసినాడు. పరుల మనస్సులోనికి ప్రవేశింపగల ఒక మనుష్యుడు ఆమెకు తారసపడి, ఉపకారబుద్ధితో ఆమె మెదడును సవరించును. తత్‌క్షణమే ఆమెకు పదములతో ఆలోచించుట, మాటలాడుట వచ్చును. కాని వెంటనే దేహములను చదువు విద్య పోవును. భాష ఇట్లు వరప్రసాదముగా వచ్చునా? శిశువులను మాట వినిపింపక పెంచి చూడవలెనను కోరిక ప్రాచీనమైనది. ఈజిప్టు రాజు సమ్మెటికస్ అట్లు చేసెనని గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ వ్రాసినాడు. 16వ శతాబ్దిలో అక్బరు పాదుషా శిశువులను మాటలాడని దాదులచే పెంచించగా, వారు ఏ భాషయు పలుకకపోయిరట. ఆ భవనమునకు మూగమేడ యని అర్థము వచ్చు పేరు నిలిచినది. ఏకాంతమున భాష పుట్టదని ఆ భవనమే చాటినది. మరి భాష ఎట్లు పుట్టును? 1970వ దశకము చివర నికరాగువా దేశమున బధిర బాలబాలికలకు పాఠశాలలు ఏర్పడినవి. అంతవరకు ఇండ్లలో ఒంటరిగా నుండిన పిల్లలు ఒక్కచోట చేరగనే, తమ సైగలను కలుపుకొని, కొలది సంవత్సరములలో వ్యాకరణము గల క్రొత్త సంజ్ఞాభాషను తామే నిర్మించుకొనిరి. వారికి ఎవ్వరును మెదడు సవరింపలేదు. తోడివారు దొరికిరి, అంతే. సైగ కూడ తోడు దొరికినప్పుడే భాషయగును. కసాండ్రాకు దేహవిద్య యున్నను అది భాష కాకపోవుటకు కారణము, ఆ విద్యలో ఆమెకు బదులు చెప్పువారు లేకపోవుటయే. కావున మాంత్రికుని వంటి ఆ మనుష్యుని ప్రవేశము బార్బరా ఓర్పును చిన్నబుచ్చినదని నా అభిప్రాయము.

ఐనను ఆ తప్పటడుగునుండియే కథ ఒక గంభీరమైన ప్రశ్నను లేవదీసినది. ఒక విద్య వచ్చినచో వేరొక విద్య పోవలెనా? మాట రాగనే ఆమె గస్తీకి పనికిరానిదయ్యెను. దెబ్బను ముందుగా చూడలేక గాయపడినది. బ్యాట్‌మన్ ఆమెను వీథిలోనికి పోనీయక నిలిపివేసెను. మన పాఠకులకు ఈ ప్రశ్న పరాయిది కాదు. మా ప్రాంతమున పిల్లవానికి ఇంట తెలుగు, వీథిలో తమిళము, సంతలో కన్నడము, ఉద్యోగమునకు ఆంగ్లము. పిల్లను బడిలో చేర్ప వచ్చిన తండ్రి నన్నడుగు మొదటి ప్రశ్న ఇదియే: "తెలుగు చదివిస్తే తక్కినవి రాకుండా పోవు గదా సార్?" ప్రాథమిక దశలో మాతృభాషాబోధనకు తగిన వసతి కల్పింపవలెనని 1956లో రాజ్యాంగమున 350-ఎ అధికరణము చేర్చబడినది. తమిళనాటి బడులలో తమిళము విధిగా నేర్పవలెనని 2006లో శాసనము వచ్చినది. ఒకటి మన హక్కును, రెండవది మనము నివసించు గడ్డ భాషను చెప్పుచున్నవి. రెండును పిల్లవాని తలలో ఒకదానినొకటి త్రోసివేయునని తండ్రి భయము. చట్టము వ్రాసినవారు ఆ భయమును తీర్పలేరు. తరగతి గదిలో తీరవలసినదే.

కథ ఈ ప్రశ్నకు రెండు సమాధానములు చెప్పినది. మొదటి సమాధానము, ఒకటి వచ్చిన వేరొకటి పోవునని. అది మాంత్రికుని సమాధానము. రెండవది కొంతకాలమునకు వచ్చినది. లేడీ శివా అను మహాయోధురాలు కసాండ్రాకు పోయిన విద్యను మరల నేర్పుటకు అంగీకరించును. అందుకు మూల్యము, ఒక సంవత్సరమునకు తనతో ప్రాణాంతక ద్వంద్వయుద్ధము. కసాండ్రా ఒప్పుకొనును. విద్య తిరిగి వచ్చును. వచ్చిన మాటయు పోదు. ఇకపై ఆమె మాటలాడుచు చూడగలదు, చూచుచు మాటలాడగలదు. రెండును ఒక తలలో ఇముడునని కథ తుదకు ఒప్పుకొన్నది. కాని దానికి మరణముతో ఒడంబడిక చేసికొనవలెనా? మా బడిలో పిల్లలు మూడు లిపులను మూడు పుస్తకములలో వ్రాసికొని, విరామ సమయమున నాలుగు భాషలలో కలహించుకొనుచున్నారు. వారు మరణమును వెలగా చెల్లింపలేదు. ప్రతిదినము ఒక గంట చెల్లించుచున్నారు. రచయితకు ఈ గంట విలువ తెలియును, కాని పోరాటమునందలి ఉత్సాహము అతనిచే దానిని మరపించినది.

పకెట్ అనంతరము వచ్చిన కొందరు మరింత అజాగ్రత్త చూపిరి. 2006లో వేరొక పత్రికలో కసాండ్రా హఠాత్తుగా దుష్టనాయికయై, దీర్ఘమైన ఉపన్యాసములు ఇచ్చుచు కనబడినది. అభిమానులు తీవ్రముగా అసంతృప్తి వెలిబుచ్చగా, అది మందు ప్రభావమని తరువాతి కథలలో సర్దిచెప్పిరి. 2020లో వచ్చిన 'బర్డ్స్ ఆఫ్ ప్రే' అను చలనచిత్రమున ఈ పేరుగల బాలిక జేబులు కత్తిరించు వాగుడుకాయ. పేరు నిలిచినది, మౌనము పోయినది, దానితో కథకు ప్రాణమైనదియు పోయినది. దీనికి పరిహారమా అన్నట్లు అదే సంవత్సరమున సారా కూన్ రచించి నికోల్ గూ చిత్రించిన 'షాడో ఆఫ్ ది బ్యాట్‌గర్ల్' వెలువడినది. అందు కసాండ్రా గ్రంథాలయమున తలదాచుకొని, పుస్తకముల నడుమ, తనను ఆదరించిన స్త్రీల నడుమ, మెల్లగా మాట నేర్చుకొనును. ఆసియా సంతతి బాలికను మూగదానిగా, యుద్ధయంత్రముగా చిత్రించుట పాత వాడుకయే గదా యను ఆక్షేపణము మూలకథపై కలదు. అది త్రోసిపుచ్చదగినది కాదు. జపాను మూలము గల అమెరికను రచయిత్రి చేతిలో ఆ బాలికకు యుద్ధము కంటె ముందు ఇల్లు దొరకుట ఆ ఆక్షేపణమునకు సముచితమైన ప్రత్యుత్తరము. పోరాటమున ఈ పుస్తకము మూలకథకు తీసికట్టు. భాషను గూర్చిన సత్యమున దానిని మించినది.

నేను చదివిన వానిలో కసాండ్రా గస్తీ సర్వోత్తమమని చెప్పుట నా ఉద్దేశము కాదు. దెబ్బలాటలు విసుగు పుట్టించునంత తరచుగా వచ్చును. నగరపు పేదరికము తెరవెనుక రంగుగనే మిగిలిపోయినది. కాని చంపనని శపథము చేసిన ఆ పిల్ల, చచ్చువాని ముఖమును చదివినందుననే ఆ శపథము చేసినదను ఒక్క విషయము ఈ కథను సామాన్య వీరగాథలకు పైన నిలుపుచున్నది. ఆమె ధర్మము ఉపదేశమున రాలేదు, ఎదుటివాని బాధను చదువుటచే వచ్చినది. చదువు అను పదమునకు ఇంత గొప్ప అర్థమును నేను ఏ బోధనాశాస్త్ర గ్రంథమునను చూడలేదు.

చివరకు నా దోషమొకటి చెప్పుకొనవలెను. ఆ సంవత్సరము నా తరగతిలో వేరొక పిల్ల యుండెను. పని వెదకుకొనుచు ఊరూరు తిరుగు కుటుంబము. ఆరు నెలలు మా బడిలో ఒక్క మాట పలుకలేదు. మందబుద్ధి యని నా లెక్కపుస్తకమున గుర్తు పెట్టుకొంటిని. ఈ చిత్రకథ చదివిన మరునాడు ఆ పిల్ల కూర్చున్న తావును, చూచు చూపును మొదటిసారి గమనించితిని. నేను సుద్దముక్క కొరకు చేయి చాపకమునుపే ఆ పిల్ల చూపు సుద్దపెట్టెపై నిలిచెను. నాకు కోపము రాకమునుపే ఆమెకు తెలిసెను. ఆమె నన్ను ఆరు నెలలుగా చదువుచున్నది. నేనే ఆమెను చదువలేదు. ఆనాడు ఆ గుర్తును కొట్టివేసి, ఆమె ప్రక్కన చిత్రకథ తెచ్చిన పిల్లను కూర్చుండబెట్టితిని. మాట నేర్పినది నేను కాదు, ఆ బొమ్మల పుస్తకమును ఇద్దరును కలిసి త్రిప్పిన పుటలు. ఉగాదికి రెండు దినములు ముందు ఆమె పలికిన తొలి మాట, పుస్తకము తిరిగి యిమ్మని తోడిపిల్లతో తగవులాడుట. మన సంఘముల బడులలో ఇట్టి మౌనబాలికలు ఇంకను ఉందురు. వారి ప్రక్కన ఎవరిని కూర్చుండబెట్టవలెనో ఉపాధ్యాయ మిత్రులు ఒకమారు ఆలోచింతురు గాక యని విన్నవించుచు ఈ వ్యాసమును ముగించుచున్నాను.